హనుమ వేసిన వేషం, క్లార్క్ తీయని వేషం



పోయిన వారం వీడియోలో కిష్కింధకాండ మొదలైంది కదా. ఋష్యమూకం మీద సుగ్రీవుడు భయపడటం, హనుమ భిక్షువు వేషంలో దిగి రావడం దాకా వచ్చి ఆగాం. ఆ స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు నాకు ఉన్నట్టుండి ఒక అమెరికన్ సీరియల్ గుర్తొచ్చింది. నవ్వకండి. పేరు స్మాల్‌విల్. సూపర్‌మ్యాన్ ఇంకా సూపర్‌మ్యాన్ కాకముందు, క్లార్క్ కెంట్ అనే హైస్కూల్ కుర్రాడిగా ఉన్నప్పటి కథ. 2001 అక్టోబర్‌లో మొదలై 2011 మే వరకు పది సీజన్లు నడిచింది. నేను ఇంజినీరింగ్ హాస్టల్లో సీనియర్ హార్డ్‌డిస్క్‌లోంచి కాపీ చేసుకుని చూశాను. (నిజాయితీ గురించి రాస్తూ పైరసీతో మొదలుపెట్టాను. ఏం చేస్తాం, ఉన్నమాట అది.)

మామూలుగా మనవాళ్ళం సూపర్‌హీరోల మాట రాగానే హనుమంతుడి బలం ఎత్తుకుంటాం. శాపం వల్ల తన బలం తాను మరిచిపోవడం, సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేయడం. నేనూ ఆ పోలిక చాలాసార్లు చెప్పాను, ఈసారి వద్దు. బలం సంగతి పక్కన పెట్టి వేషం సంగతి చూద్దాం. మనం ఎవరమో దాచిపెట్టడం ఎప్పటిదాకా జాగ్రత్త, ఎక్కడినుంచి మోసం? ఈ ప్రశ్న నన్ను ఎందుకు పట్టుకుందో చివర్లో చెప్తాను.

సీరియల్ చూడనివాళ్ళ కోసం కొంచెం కథ. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో స్మాల్‌విల్ అని చిన్న ఊరు. 1989లో ఆ ఊరి మీద ఉల్కల వాన కురుస్తుంది. ఆ ఉల్కలతోపాటే ఒక చిన్న అంతరిక్ష నౌక, అందులో ఒక పిల్లవాడు. పిల్లల్లేని రైతు దంపతులు జోనాథన్, మార్తా వాణ్ణి తెచ్చుకుని క్లార్క్ అని పేరు పెట్టి పెంచుకుంటారు. నందుడి ఇంట్లో కృష్ణుడు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. అదే ఉల్కల వానలో లానా అనే పాప తల్లిదండ్రులు పోతారు. అదే రోజు మొక్కజొన్న చేలో ఉన్న తొమ్మిదేళ్ళ లెక్స్ లూథర్ అనే ధనవంతుల పిల్లాడికి తలమీద జుట్టంతా ఊడిపోతుంది.

పన్నెండేళ్ళ తర్వాత మొదటి ఎపిసోడ్. వంతెన మీద క్లార్క్ నిలబడి ఉంటాడు. లెక్స్ పోర్షే కారు అదుపు తప్పి, క్లార్క్‌ని గుద్దేసి, రెయిలింగ్ తెంచుకుని నదిలో పడుతుంది. క్లార్క్ నీళ్ళలో దూకి కారు పైకప్పు చేత్తో చీల్చి లెక్స్‌ని బయటికి లాగి బతికిస్తాడు. కళ్ళు తెరిచిన లెక్స్ అడుగుతాడు, నేను నిన్ను గుద్దాను కదా అని. నన్ను గుద్ది ఉంటే నేను బతికి ఉండేవాణ్ణా అంటాడు క్లార్క్.

ఆ జవాబు చూడండి. "గుద్దలేదు" అనలేదు. కానీ లెక్స్ అలాగే అనుకోవాలని అన్నాడు. కురుక్షేత్రంలో ద్రోణుడి ముందు ధర్మరాజు అన్న మాట కూడా ఈ రకమే. అశ్వత్థామ అనే ఏనుగు చచ్చింది నిజమే, వినేవాడికి మాత్రం కొడుకు చచ్చినట్టు వినపడాలి. అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళాల పైన నడిచే ఆయన రథం ఆ మాటతో నేలను తాకిందని భారతం చెప్తుంది. సాంకేతికంగా నిజం చెప్పానన్న వాదన అక్కడ పనిచేయలేదు.

అయినా సరే, మొదటి రోజు క్లార్క్‌ని నేను తప్పు పట్టను. వాడికి పదిహేనేళ్ళు కూడా సరిగా నిండలేదు. తాను భూమ్మీద పుట్టినవాడు కాదని తండ్రి చెప్పేది కూడా ఆ ఎపిసోడ్‌లోనే. బయటికి తెలిస్తే వీణ్ణి తీసుకెళ్ళి ఏ ల్యాబ్‌లో పెడతారో అన్న భయం జోనాథన్‌ది, అది నిజమైన భయం. తర్వాత ఒక పత్రికా రిపోర్టర్ సంగతి పసిగట్టి వెంటపడితే ఎంత దాకా వెళ్ళిందో మొదటి సీజన్ చివర్లో చూస్తాం. లెక్స్ అయితే ఇంకా అపరిచితుడే. అపరిచితుడి దగ్గర ప్రాణరహస్యం దాచుకోవడం పాపమైతే పాండవుల అజ్ఞాతవాసం కూడా పాపమే అవుతుంది. అజ్ఞాతవాసంలో ఎవరూ గుర్తుపట్టకూడదని వరమిచ్చింది ఎవరనుకుంటున్నారు? యక్షుడి రూపంలో వచ్చిన యమధర్మరాజు. ధర్మదేవతే స్వయంగా మారువేషానికి అనుమతి ఇచ్చాడు. అంటే దాచడమే అధర్మం అనడానికి లేదు.

మరి తేడా ఎక్కడ?

ఇక్కడే నాకు కిష్కింధకాండ పనికొచ్చింది. సుగ్రీవుడికి దూరంగా విల్లంబులతో ఇద్దరు వీరులు కనిపించారు. వాలి పంపాడేమోనని గుండె జారిపోయింది. వెళ్ళి కనుక్కురమ్మన్నాడు. హనుమ భిక్షువు రూపం వేసుకుని వెళ్ళాడు. వాళ్ళని పొగిడాడు, ఎవరు మీరు, ఈ నారబట్టలేంటి, ఈ ఆయుధాలేంటి అని అడిగాడు. వాళ్ళిద్దరూ ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు మనమైతే ఏం చేస్తాం? వాళ్ళు నోరు విప్పేదాకా మన సంగతి బయటపెట్టం. ఇంటర్వ్యూలో ఎక్స్‌పెక్టెడ్ ప్యాకేజీ ముందు ఎవరు చెప్పాలి అన్నట్టు కూర్చుంటాం. హనుమ అలా కూర్చోలేదు. రాముడు ఒక్క మాటైనా మాట్లాడకముందే తన గుట్టు తానే చెప్పేశాడు. సుగ్రీవుడనే ధర్మాత్ముడున్నాడు, అన్న వెళ్ళగొట్టాడు, మీ స్నేహం కోరుతున్నాడు, నేను ఆయన మంత్రిని, వాయుపుత్రుణ్ణి, వానరుణ్ణి, పేరు హనుమంతుడు, ఆయన కోసమే ఇలా భిక్షువు వేషంలో వచ్చాను అని. వేషం వేశానన్న సంగతి కూడా ఆయనే చెప్పాడు!

ఆ తర్వాతే రాముడు లక్ష్మణుడి వైపు తిరిగి ఈయన మాట తీరు చూశావా, ఇంతసేపు మాట్లాడి ఒక్క అపశబ్దం పలకలేదు, వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడు అని మెచ్చుకుంటాడు. మనం ఆ మెచ్చుకోలు వ్యాకరణం గురించే అనుకుంటాం. నాకైతే అందులో ఈ నిజాయితీకి కూడా కొంత వాటా ఉందనిపిస్తుంది. ఇది నా ఊహే, శాస్త్రం కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రావణుడూ సన్యాసి వేషంలోనే వచ్చాడు. కాషాయం, గొడుగు, కమండలం. దాదాపు అదే వేషం! పైగా ఆయన కూడా తనెవరో తానే చెప్పాడు. సీతమ్మ అతిథి అనుకుని ఆసనం ఇచ్చి, మర్యాద చేసి, తన కథంతా చెప్పి, తమరెవరని అడిగితే, లోకాలు వణికే రావణుణ్ణి నేనే అన్నాడు. కాబట్టి "వేషం త్వరగా తీసేస్తే మంచివాడు, తీయకపోతే చెడ్డవాడు" అన్న లెక్క కుదరదు. నేను మొదట అలాగే రాసుకుని కొట్టేశాను.

రెండు సన్నివేశాలూ మళ్ళీ చదివితే నాకు తట్టింది ఇది. హనుమ వేషం తీసినప్పుడు తన వైపువాళ్ళ బలహీనత అంతా ఎదుటివాళ్ళ చేతిలో పెట్టాడు. మా రాజుకి రాజ్యం లేదు, భయపడుతున్నాడు, మీ సాయం కావాలి. ఒకవేళ వాళ్ళు నిజంగా వాలి మనుషులే అయితే అక్కడితో సుగ్రీవుడి పని అయిపోయేది. రావణుడు వేషం తీసినప్పుడు ఏమీ ఇవ్వలేదు. గడప దాటి లోపలికి వచ్చేశాక, మర్యాదలన్నీ పుచ్చుకున్నాక, ఇక దాచాల్సిన అవసరం లేదు కాబట్టి చెప్పాడు. ఒకరు ఇవ్వడానికి చెప్పారు, ఒకరు లాక్కోవడానికి చెప్పారు.

రావణుడి ఆ అబద్ధానికి ఇంకో బాకీ మిగిలింది. సుందరకాండలో అశోకవనంలో హనుమ సీతమ్మ ముందుకొచ్చి నేను రామదూతనంటే ఆమె నమ్మలేదు. జనస్థానంలో సన్యాసిగా వచ్చిన ఆ రావణుడివే నువ్వు, మళ్ళీ రూపం మార్చుకుని వచ్చావు అనుకుంది. ఒకడు చెప్పిన అబద్ధానికి, తర్వాత నిజం చెప్పడానికి వచ్చినవాడు ఉంగరం చూపించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు స్మాల్‌విల్‌కి వద్దాం. మొదటి రోజు సంగతి వదిలేశాం. ఆ తర్వాత? లెక్స్ అపరిచితుడిగా ఉండిపోలేదు. క్లార్క్‌కి మంచి స్నేహితుడయ్యాడు. లానా విషయంలో సలహాలు చెప్పాడు, కష్టం వస్తే నిలబడ్డాడు. క్లార్క్ అవన్నీ తీసుకున్నాడు. మొదట్లో ప్రాణం కాపాడినందుకు లెక్స్ ఒక కొత్త ట్రక్కు పంపిస్తే జోనాథన్ తిప్పి పంపించేస్తాడు, లూథర్ల డబ్బు మనకొద్దని. ట్రక్కు తిప్పి పంపారు గానీ స్నేహం తిప్పి పంపలేదు. స్నేహం లోపలికి రానిచ్చి, వంతెన దగ్గర అసలు ఏం జరిగిందన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ తలుపు వేసేశారు. లెక్స్‌కి పిచ్చి లేదు, తన కళ్ళతో చూశాడు. చూసింది చూడలేదని తన స్నేహితుడే ఏళ్ళ తరబడి చెప్తూ ఉంటే మనిషి ఏమవుతాడు? ఆ పోర్షే శకలాన్ని దాచుకుని, ఒక గది నిండా క్లార్క్ గురించి సేకరించినవి పెట్టుకుని కూర్చున్నాడు. మూడో సీజన్ చివర్లో క్లార్క్ ఆ గదిలోకి వెళ్ళి చూస్తాడు. నా మీద గూఢచర్యం చేశావా, మన స్నేహం అయిపోయింది అంటాడు. చూస్తున్నప్పుడు హాస్టల్లో అందరం క్లార్క్ వైపే. ఇప్పుడు చూస్తే అంత ధైర్యంగా ఏ వైపూ నిలబడలేను.

లెక్స్ చెడిపోవడానికి క్లార్కే కారణం అనట్లేదు. అబద్ధం విన్న ప్రతివాడూ హంతకుడైపోడు. లెక్స్ చేసినవి లెక్స్ కర్మ. వాళ్ళ నాన్న లయొనెల్ పెంచిన తీరు ఉంది, తన అహంకారం ఉంది. విభీషణుడిదీ రావణుడి ఇల్లే, కానీ ఆయన లంక వదిలి వచ్చి తనెవరో చెప్పి నిలబడ్డాడు. లెక్స్ నిలబడలేదు, తవ్వాడు. అది వాడి తప్పే. అయినా క్లార్క్ తప్పు క్లార్క్‌దిగానే మిగిలి ఉంది.

నిజం చెప్పేస్తే అంతా బాగుండేదా? దీనికి ఈ సీరియల్ ఇచ్చిన జవాబు నాకు నచ్చింది, ఎందుకంటే సులువైనది కాదు. రెండో సీజన్‌లో చిన్ననాటి స్నేహితుడు పీట్‌కి క్లార్క్ నోరు విప్పి చెప్తాడు. పీట్ ఏమీ ద్రోహం చేయలేదు. కానీ ఆ రహస్యం మొయ్యలేకపోయాడు. దాని కోసం వేరేవాళ్ళ చేతిలో దెబ్బలు తిని, చివరికి ఊరే వదిలి వెళ్ళిపోయాడు. నిజం చెప్పడం కూడా ఒక బరువుని తీసి పక్కవాడి నెత్తిన పెట్టడమే కావచ్చు. క్లోయీ అనే అమ్మాయిది ఇంకో రకం. నాలుగో సీజన్‌లో ఆమెకి వేరే దారిలో తెలిసిపోతుంది. తెలిసి కూడా అడగదు. వాడంతట వాడు చెప్పాలని చాలాకాలం ఊరుకుంటుంది. ఆ ఎపిసోడ్లలో క్లార్క్ ఆమెకి ఏవో సాకులు చెప్తుంటే, ఆమె తలూపుతూ వింటుంటే, పాపం ఎవరి మీద జాలిపడాలో తెలియదు.

లానాకి ఐదో సీజన్‌లో, నూరో ఎపిసోడ్‌లో చెప్తాడు. అదే రోజు ఆమె ప్రమాదంలో పోతుంది. క్లార్క్ తన అసలు తండ్రి జోర్-ఎల్ శక్తితో కాలాన్ని వెనక్కి తిప్పించి ఆ రోజుని మళ్ళీ మొదలుపెడతాడు. ఈసారి చెప్పడు. లానా బతుకుతుంది, జోనాథన్ గుండె ఆగి చనిపోతాడు. కథ రాసినవాళ్ళు దీన్ని విధిగా చూపించారు, ఒక ప్రాణానికి ఒక ప్రాణమని. నాకు గుచ్చుకున్నది చావు కాదు. రెండోసారి క్లార్క్‌కి ఒక్క రోజు ముందు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో తెలుసు, లానా ముఖంలో ఎంత సంతోషం చూశాడో తెలుసు, అయినా మళ్ళీ మింగేశాడు. ఆమెని కాపాడటానికే. ఆ "కాపాడటానికే" అన్న మాటే పదేళ్ళూ వాడి నోట్లో ఉంటుంది.

విరాటపర్వంలో ఒక దృశ్యం ఉంది, ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. కీచకుడు ద్రౌపదిని నిండు కొలువులో తంతాడు. కంకుభట్టుగా ధర్మరాజు అక్కడే ఉన్నాడు, వలలుడిగా భీముడూ ఉన్నాడు. భీముడు లేవబోతే ధర్మరాజు సైగ చేసి ఆపాడు. గుట్టు బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అరణ్యం. లెక్క ప్రకారం ధర్మరాజు చేసింది సరైనదే. కానీ ఆ క్షణంలో ఐదుగురి రహస్యానికి ఖరీదు కట్టింది ఒక్క ద్రౌపది. ఆమె ఊరుకోలేదు. రాత్రి వంటశాలకి వెళ్ళి భీముణ్ణి లేపి ఏడ్చింది, నిలదీసింది. అప్పుడు భీముడు బయటపడే ప్రమాదం ఉందని తెలిసీ కీచకుణ్ణి చంపాడు. వేషం ధర్మమేనా అని అడిగినప్పుడు నేను ఇప్పుడు చూసేది ఇదే. దాచింది ఎవరు, బిల్లు కడుతున్నది ఎవరు? పాండవుల వేషానికి ఇంకొకటి కూడా ఉంది, అది ఒక్క ఏడాది. గడువు అయ్యాక పేర్లు చెప్పుకుని నిలబడ్డారు. క్లార్క్ వేషానికి గడువే లేదు. లెక్స్‌కి నిజం తెలిసేది ఏడో సీజన్ చివర్లో, అదీ క్లార్క్ చెప్పి కాదు.

ఇక నా సంగతి. మూడేళ్ళ క్రితం నా ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల వీడియో కాల్, మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ లాక్. అప్పుడు నేనూ నా స్నేహితుడూ మాదాపూర్ దగ్గర ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఇంజినీరింగ్ మొదటి ఏడాది నుంచి ఒకే రూమ్. స్మాల్‌విల్ కూడా ఒకే ఇయర్‌ఫోన్స్ చెరొకటి పెట్టుకుని చూసినవాళ్ళం. వాడికి చెప్పలేదు. రోజూ తొమ్మిదిన్నరకి స్నానం చేసి బ్యాగ్ తగిలించుకుని ఆఫీస్‌కని బయల్దేరేవాణ్ణి. మెట్రో ఎక్కి అటు చివరికి, ఇటు చివరికి తిరిగేవాణ్ణి. వాడు కంగారు పడతాడు, అద్దె మొత్తం తనే కడతానంటాడు, వాడికే ఇంట్లో ఖర్చులున్నాయి, వాడిని ఎందుకు ఇబ్బంది పెట్టాలి అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. నాలుగో నెలలో వాళ్ళ చెల్లి పెళ్ళి కుదిరింది. రెండు లక్షలు సర్దగలవా, ఆరు నెలల్లో ఇచ్చేస్తా అని అడిగాడు. అంతకుముందు ఎప్పుడూ ఏమీ అడిగినవాడు కాదు. నా దగ్గర లేవు. లేవని చెప్తే ఎందుకు లేవని అడుగుతాడు. అన్నీ మ్యూచువల్ ఫండ్స్‌లో ఉన్నాయిరా, ఇప్పుడు తీస్తే నష్టం అన్నాను.

వాడు సరేలే అన్నాడు. ఒక లోన్ యాప్‌లో ఎక్కువ వడ్డీకి తీసుకున్నాడు.

నాకు ఉద్యోగం వచ్చాక, ఇంకో రెండు నెలలకి, కాలేజీ వాళ్ళెవరో మాట మీద మాటగా వాడికి చెప్పేశారు. గొడవ పడతాడనుకున్నాను. పడలేదు. "ఉద్యోగం పోయిందని చెప్పుంటే నేను అడిగేవాణ్ణే కాదు కదరా" అన్నాడు. కాసేపాగి, "ఇన్ని నెలలూ నిన్ను పిసినారి అనుకున్నాను. అమ్మకి కూడా అలాగే చెప్పాను" అన్నాడు. సిగ్గుపడుతూ చెప్పాడు. తప్పు చేసింది నేను, సిగ్గు వాడికి. వడ్డీ సంగతి వాడు ఎత్తనే లేదు.

అప్పటిదాకా నేను ఆ నాలుగు నెలల్ని త్యాగంలా చూసుకున్నాను. ఒక్కణ్ణే మోశాను, ఎవరికీ తెలియనివ్వలేదు అని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. వాడి మాటలు విన్నాక లెక్క తిరగబడింది. మొయ్యడం నేను మోశాను గానీ వడ్డీ వాడు కట్టాడు. నేను కాపాడుకున్నది వాణ్ణి కాదు, వాడి కళ్ళలో నాకున్న బొమ్మని. సుగ్రీవుడి భయం, దిక్కులేనితనం అంతా రాముడి చేతిలో పెట్టేసిన హనుమ ముందు నా "ఇబ్బంది పెట్టకూడదని" ఎంత చిన్నగా ఉందో అప్పుడు కనిపించింది. వాడు రాముడంతటి వాడు కాకపోవచ్చు. నా అద్దెలో సగం కట్టేంత వాడు మాత్రం కచ్చితంగా.

అందరికీ అన్నీ చెప్పేయమని నేను అనట్లేదు. ఉద్యోగం పోయిన రోజే వాట్సాప్ స్టేటస్ పెట్టాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. వాలి మనుషులు నిజంగానే ఉంటారు, ఋష్యమూకం మీద దాక్కోవడం ఒక్కోసారి తప్పదు. పీట్ లాంటివాళ్ళ నెత్తిన మొయ్యలేని బరువు పెట్టకూడదు కూడా. కానీ ఆ స్నేహితుడు ఆ రోజు రెండు లక్షలు అడిగిన క్షణం నాకు బాగా గుర్తుంది. హనుమకి వాళ్ళ మౌనం ముందు దొరికినంత సమయమే నాకూ దొరికింది. టీ గ్లాసు చేతిలో పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. నోటిదాకా వచ్చింది. వచ్చి మ్యూచువల్ ఫండ్స్ అయిపోయింది.

వాడితో ఇప్పుడు బాగానే ఉన్నాం. వాడు బెంగళూరు వెళ్ళిపోయాడు, ఆదివారాలు మాట్లాడుకుంటాం. ఒక్కటే తేడా. ఎలా ఉన్నావ్ అని అడిగి నేను బాగున్నానంటే, "నిజంగానా?" అని రెండోసారి అడుగుతాడు. ఇంతకుముందు అడిగేవాడు కాదు.

మా ఇంట్లో మాత్రం ఉద్యోగం పోయిన సంగతి ఈ రోజుకీ తెలియదు. గడిచిపోయిందిగా, ఇప్పుడెందుకు అనుకుంటూ వచ్చాను. అమ్మ మన వీడియోలన్నీ చూస్తుంది, ఇక్కడ రాసేవి కూడా నాన్నకి చదివి వినిపిస్తుందని చెల్లి చెప్పింది. అందుకే దీన్ని రాసి పెట్టుకుని రెండు వారాలైంది. మొన్న శనివారం ఊరు వెళ్ళి వచ్చాకే పంపుతున్నాను. నాన్న అంతా విని, అప్పుడు దసరాకి మాకు బట్టలు ఎలా కొన్నావురా అని అడిగాడు. క్రెడిట్ కార్డు మీద అన్నాను. ఆ చొక్కా ఆయన ఆ రోజు వేసుకునే ఉన్నాడు.